అప్ప వాళ్ళ బాబు

పోయిన వారం మా ఇంటికి ఏదో సర్వే అంటూ ఒక అమ్మాయీ అబ్బాయీ వచ్చారు. చేతిలో పలకంత ఫోను ఉంది. ఇంట్లో ఎవరెవరు ఉంటారండీ అని గుమ్మంలో నిలబడే అడుగుతుంటే, ఎండలో వచ్చారు కదాని లోపల కూర్చోబెట్టి, మజ్జిగ ఇచ్చి, నేనూ మా ఆడపడుచూ ఉంటామమ్మా అన్నాను. ఆ పిల్ల వేలితో ఫోనుని పైకీ కిందికీ తోసి తోసి, "ఆడపడుచు అని ఆప్షన్ లేదండీ, ఇతరులు అని నొక్కేస్తాను" అంది. ముప్పై ఏళ్ళకి పైగా నాతో ఒకే పొయ్యి మీద వండుకు తింటున్న మనిషి ఇతరులు ఎలా అవుతుందమ్మా అని మొదలుపెట్టి తర్వాత ఏమేమి అన్నానో నాకే గుర్తులేదు గానీ, పిల్లలిద్దరూ మజ్జిగ ముట్టకుండా లేచి వెళ్ళిపోయారు. మా ఆడపడుచు గ్లాసులు తీస్తూ, ఫోనులో లేకపోతే వాళ్ళు మాత్రం ఏం చేస్తారు వదినా, పసివాళ్ళ మీద అంత కోపమేమిటి అంది.

నిజమే, ఆ పిల్ల మీద నాకు ఏ కోపమూ లేదు. అది వేరేవాళ్ళ మీద కోపం, డెబ్బైల చివరి నాటిది, ఇన్నేళ్ళలో పిసరంత కూడా చల్లారలేదని ఆ రోజే తెలిసింది. చల్లారాలని నేనేం కోరుకోవడం లేదు. నా ఈడువాళ్ళు కొందరైనా ఇది చదువుతారు కదా, వాళ్ళతో చెప్పుకుంటే కాస్త బరువు దిగుతుందని కాగితం తీసుకుని కూర్చున్నాను.

మా నాన్నగారు నర్సీపట్నంలో హైస్కూలు మాస్టారు. డిగ్రీ అయ్యాక నేను సోషియాలజీ, ఆంత్రోపాలజీ కలిపి చెప్పే ఎం.ఏ.లో చేరతానంటే ఆయన ఒక్క మాట కూడా అడ్డు చెప్పలేదు గానీ, ఊరు ఊరుకోలేదు. సోషియాలజీ అంటే సోషలిజం కాబోలనుకుని, పిల్లని కమ్యూనిస్టుల్లో కలిపేస్తున్నారా మాస్టారూ అని ఆయన తోటి లెక్కల మాస్టారు దిగులుపడ్డారు. ఆంత్రోపాలజీ అంటే ఆంత్రాల చదువు అనుకుని, మా వీధి చివరి పిన్నిగారు నాకు డాక్టరీ సీటు వచ్చిందని అందరికీ చెప్పి, దసరా సెలవులకి నేను ఇంటికి వచ్చీరాగానే కడుపునొప్పికి మందు అడిగారు. లేదండీ, ఇది మనుషుల గురించిన చదువండీ అంటే, మనుషుల గురించి చదివేదేముందీ, రోజూ చూస్తున్నదే కదా అని పెదవి విరిచారు. ఆవిడ అన్నదాంట్లో ఎంత నిజం ఉందో తర్వాత గానీ నాకు తెలిసిరాలేదు.

ఏ యూనివర్సిటీయో చెప్పను. యలమంచిలిలో సాయంత్రం రైలెక్కితే మర్నాడు పొద్దున్న దిగేంత దూరమని మాత్రం చెబుతాను. మా ప్రొఫెసరుగారి పేరు కూడా చెప్పను, ఆయన లేరు, ఆయన పిల్లలు నన్నేమీ అనలేదు. ఆయన పాఠం చెబుతుంటే చెవులు రిక్కించి వినేదాన్ని, అబద్ధం ఎందుకూ. మొదటి నెలలోనే బంధుత్వాల పటం గీయడం నేర్పారు. మగవాడంటే త్రిభుజం, ఆడదంటే సున్నా, మధ్యన రెండు గీతలు పెడితే పెళ్ళి, పై వరసలో కన్నవాళ్ళు, కింది వరసలో పిల్లలు. ఆడవాళ్ళం సున్నాలమా సార్ అని ఒక అమ్మాయి అడిగితే క్లాసంతా నవ్వింది గానీ, ఆ రోజు హాస్టల్‌కి వెళ్ళి మా ఇంటి పటం గీసుకుంటే రెండు ఠావులు సరిపోలేదు. నేను పుట్టక ముందే పోయిన మా తాతగారు ఒక త్రిభుజమై పై వరసలో కూర్చుంటే, ఆయన్ని మొదటిసారి కళ్ళారా చూసినట్టు సంబరపడిపోయాను. అంత ఇష్టపడి చదివాను కాబట్టే తర్వాత అంత మండింది.

రెండో ఏడు దసరా సెలవుల్లో పది రోజుల ఫీల్డు క్యాంపు అన్నారు. మా ఊరి మీదుగా ఏజెన్సీకి వెళ్ళి కొండమీది ఊళ్ళలో మకాం అనేసరికి నాకు రెక్కలొచ్చాయి. మా నాన్నగారు మిషన్ స్కూలు పెద్ద టీచరమ్మగారితో మాట్లాడి, సెలవులకి ఖాళీ అయిన ఆడపిల్లల హాస్టల్లో మా బృందానికి బస ఏర్పాటు చేశారు. తీరా మేం దిగిన రోజు నుంచీ వాన పట్టుకుంది. ఘాటు రోడ్డు మీద కల్వర్టు కొట్టుకుపోయి బస్సులు ఆపేశారు. ప్రొఫెసరుగారు రెండు రోజులు వరండాలో నిలబడి కొండల వైపు చూసి చూసి, క్యాంపు పూర్తికాకపోతే గ్రాంటు మురిగిపోతుందని, కొండలు కాకపోతే ఇక్కడే చేద్దాం, ఈ మిషన్ కాంపౌండు వెనక వీధిలో క్రైస్తవ కుటుంబాలు ఉన్నాయి కదా, వాళ్ళనే అడగండి అన్నారు. అంటే కొండమీది వాళ్ళ కోసం తయారుచేసి అచ్చువేసిన ప్రశ్నల కాగితాలు పట్టుకుని, నర్సీపట్నంలో కంపౌండర్లనీ టీచర్లనీ మీరు ఏ దేవతకి బలి ఇస్తారు అని అడిగారు మా వాళ్ళు. పాపం ఆ వీధివాళ్ళు పట్నం నుంచి వచ్చిన పిల్లలు కదాని నవ్వుకుని సమాధానాలు చెప్పారు.

నా చేతికి మాత్రం కాగితం ఇవ్వలేదు. సొంత ఊళ్ళో సొంతవాళ్ళని అడిగితే తటస్థత ఉండదట, కాబట్టి నేను ఇళ్ళకి తీసుకెళ్ళి పరిచయం చేసి ఇవతలకి వచ్చేయాలి, అడగడం, రాయడం మిగతావాళ్ళు చేస్తారు. సాంబారులోకి కూరలు తేవడానికీ, చాకలిని పిలవడానికీ మాత్రం నేను లోకల్ అవడం బాగానే పనికొచ్చింది.

ఆ హాస్టల్లో వంట చేసేది మా అప్ప. అప్ప అంటే మా వైపు అక్క. నాకు రక్తసంబంధం కాదు, మతం ఒకటి కాదు, కానీ ఆ మిషన్ స్కూల్లోనే నేను అయిదో తరగతి దాకా చదివాను కనక నాకన్నా పన్నెండేళ్ళు పెద్దదైన ఆవిణ్ణి చిన్న పిల్లలందరితో పాటు నేనూ అప్పా అనే పిలిచేదాన్ని. వాళ్ళ నాన్న ఆ స్కూల్లో గంట కొట్టే వాచ్‌మన్. అప్ప తల్లి చిన్నప్పుడే పోయింది.

ఇక్కడ ఒక మాట చెప్పకపోతే మిగతాది మీకు అర్థంకాదు. మా ప్రాంతంలో తండ్రిని బాబు అంటారు. మా ఇంట్లో నాన్నగారు అనే అలవాటు, గుమ్మం దిగితే వీధి వీధంతా బాబు. మా బాబు పొలానికి ఎల్లినాడు, మా బాబు కొట్టినాడు, మా బాబు లడ్డూలు తెచ్చినాడు. నేను ఒకటో తరగతిలో ఉండగా, అందరి నాన్నలూ బాబులైనప్పుడు మా నాన్న ఒక్కడూ ఎందుకు కాడని బెంగపెట్టుకుని, సాయంత్రం ఆయన ఇంటికి రాగానే బాబూ అని ఎదురెళ్ళాను. మా నాయనమ్మ ఆ మాట విని నన్ను నూతి దగ్గరికి లాక్కెళ్ళి నోరు కడిగించింది. నాన్నగారు మాత్రం నవ్వి, ఏం అమ్మాయీ అని ఎత్తుకున్నారు. ఆ తర్వాత మళ్ళీ అలా పిలవలేదు గానీ, ఆ మాటలోని చనువు మీద నాకు ఇప్పటికీ కొంచెం అసూయే.

మా క్యాంపు నాటికి అప్పకి ముప్పై అయిదు దాటాయి. వాళ్ళ బాబుకి పక్షవాతం వచ్చి కుడి పక్క పడిపోయి, మాట సగం పోయి, కాంపౌండు గోడ అవతల రెండు గదుల ఇంట్లో మంచాన ఉండేవాడు. సంబంధాలు వచ్చినా, వచ్చిన ప్రతివాడూ ముసలాయన్ని ఎక్కడైనా చేర్పించమన్నాడని అప్ప పెళ్ళే మానుకుంది. వంటపని నుంచి హాస్టల్ మేట్రన్‌గా వేస్తామని పెద్ద టీచరమ్మగారు మాట ఇచ్చారు. మేట్రన్ అయితే హాస్టల్లోనే కింద గది ఇస్తారు, బాబుని తన దగ్గరే పెట్టుకుని మధ్యమధ్యలో చూసుకోవచ్చు. అప్పకి కావలసిందల్లా ఆ ఒక్క గది.

మా బృందంలో గుంటూరు వైపు అబ్బాయి ఒకడు ఉండేవాడు, నెమ్మదైనవాడు. ఒక మధ్యాహ్నం అతన్ని నేనే వంటింట్లోకి తీసుకెళ్ళి, ఈవిడ మా అప్ప, ఏం అడిగినా చెబుతుంది అని పీట వేసి కూర్చోబెట్టి, నిబంధన ప్రకారం బయటికి వచ్చేశాను. అప్ప ఉల్లిపాయలు తరుగుతూ ఉన్నదున్నట్టు చెప్పిందట. "నాకు మా బాబే లోకం బాబూ. బాబు గురించే మనువాడనేదు. పొద్దున్నే బాబుకి నీలోసి, ఇంత జావ తాగించి, బట్టలు మార్చి, బేగి వొచ్చి పొయ్యంటిస్తాను. నాను తప్ప బాబుకి ఎవులూ నేరు." బేగి అంటే త్వరగా, నేదు అంటే లేదు అని అతను పోల్చుకున్నాడు గానీ, గుంటూరు వైపు బాబు అంటే పసివాడు. నీళ్ళు పోయడం, జావ తాగించడం, బట్టలు మార్చడం, అన్నీ అతికినట్టు సరిపోయాయి. వయసు అడగడం మర్చిపోయాడు. గడి ఖాళీగా ఉంటే ప్రొఫెసరుగారు ఒప్పుకునేవారు కాదు, అందాజుగానైనా నింపమనేవారు. అతను సాయంత్రం కూర్చుని ఆరేళ్ళు అని నింపాడు. పది రోజులు మూడు పూటలా అప్ప చేతి వంట తిన్నారు అందరూ. వంటింటి వెనక తలుపు తీస్తే ముప్పై అడుగుల దూరంలో ఆ ఇల్లు. ఒక్కరంటే ఒక్కరు లేచి వెళ్ళి ఆ పిల్లాణ్ణి చూద్దామనుకోలేదు.

యూనివర్సిటీకి తిరిగి వెళ్ళాక లెక్కలు తీయడానికి కాగితాలన్నీ నా ముందు పోశారు, ఆ పనికి లోకల్ అయినా ఫరవాలేదు కాబోలు. అప్ప పటం కనబడింది. ఒక సున్నా, పక్కన పెళ్ళి గీతలు లేవు, సున్నా నుంచి కిందికి ఒక గీత, దాని చివర బుల్లి త్రిభుజం. ముందు పగలబడి నవ్వాను. పై వరసలో ఉండాల్సిన ముసలాయన్ని కిందికి దింపి అప్ప ఒళ్ళో కూర్చోబెట్టేశారే అనుకున్నాను. గుంటూరు అబ్బాయిని పిలిచి చూపించి, సంగతి చెప్పాను. మా వైపు బాబంటే పిల్లాడే కదా అన్నాడు. పద, సారుకి చెబుదాం అంటే, మీరు వెళ్ళండి, నా ఇంటర్నల్ మార్కులు ఆయన చేతిలో ఉన్నాయి అని తప్పుకున్నాడు.

ఒక్కదాన్నే వెళ్ళాను. ప్రొఫెసరుగారు విని, కళ్ళజోడు తీసి తుడుచుకుని, నా మీద జాలిపడ్డారు. తన ఊరివాళ్ళ గుట్టు దాచాలనుకోవడం సహజమేనమ్మా, అందుకే కదా నిన్ను రాయొద్దన్నాను అన్నారు. గుట్టు కాదండీ, మాట అర్థం వేరండీ అంటే, ఏ నిఘంటువులో ఉందో చూపించమన్నారు. నేను నిఘంటువులో పుట్టలేదు, నర్సీపట్నంలో పుట్టాను అనాల్సింది. ఆ సమాధానం నాకు మెట్లు దిగాక తోచింది. అప్పటికే ఆయనకి ఆ బుల్లి త్రిభుజం మీద మమకారం పుట్టేసిందని తర్వాత తెలిసింది. కొండలకి వెళ్ళలేకపోయిన క్యాంపులో చెప్పుకోడానికి కొత్త విషయం ఏదీ దొరకలేదు, ఇది ఒక్కటి దొరికింది. నేను అంత గట్టిగా కాదనడం కూడా ఆయన లెక్కలో రుజువే అయింది. రిపోర్టులో ఏకంగా ఒక పేరా రాశారు. ఈ పట్టణపు మిషన్ కుటుంబాల్లో పెళ్ళికాని తల్లులని సమాజం ఏ కళంకమూ లేకుండా ఆదరిస్తుందని, స్థానికులు బయటివారి దగ్గర ఈ విషయం దాచిపెడతారని. ఒక్క మనిషి మీద, ఆ మనిషి చెప్పిన ఒక్క మాట మీద, ఆ మాట కూడా తప్పుగా విని, ఒక ఊరి గురించి అంత మాట రాసేశారు.

ఇక్కడ నా తప్పు కూడా ఒప్పుకోవాలి. నేను మళ్ళీ వెళ్ళి అడగలేదు. నా మార్కులు కూడా ఆయన చేతిలోనే ఉన్నాయి. పేరు రాయలేదు కదా, ఇంగ్లీషులో ఉంది కదా, ఎవరు చదువుతారులే అని నాకు నేను సర్దిచెప్పుకుని నోరు మూసుకున్నాను.

చదివారు. బస ఇచ్చినందుకు కృతజ్ఞతగా నీలం అట్ట వేసిన సైక్లోస్టైల్ కాపీ ఒకటి పెద్ద టీచరమ్మగారికి పోస్టులో పంపారట. పేరు లేకపోతేనేం, హాస్టల్ వంటశాలలో పనిచేసే ముప్పై అయిదేళ్ళ అవివాహిత అంటే మా ఊళ్ళో ఎంతమంది ఉంటారు? వేసవి సెలవులు ఇంకా మొదలవ్వకుండానే మా నాన్నగారి దగ్గర నుంచి కార్డు వచ్చింది. అప్పని మేట్రన్‌గా వేసే సంగతి స్కూలు కమిటీ ఆపేసిందనీ, ఉన్న పని కూడా ఉంచాలా తీసేయాలా అని శనివారం కూర్చుంటున్నారనీ, కారణం మీ యూనివర్సిటీ పుస్తకమనీ, వెంటనే బయలుదేరి రమ్మనీ రాశారు. నాన్నగారు నాకు రాసిన ఉత్తరాలన్నిటిలోకీ కుశల ప్రశ్న లేనిది అదొక్కటే.

రైలు దిగి, యలమంచిలిలో బస్సు పట్టుకుని ఇంటికి పోకుండా నేరుగా కాంపౌండుకే వెళ్ళాను. అప్ప పొయ్యి ముందు కూర్చుని ఉంది. నన్ను చూసి లేవలేదు. "ఏటి సెల్లమ్మా, మా బాబుని నాకు కొడుకుని సేసేసినారట గదా" అంది. నవ్వుతూ అందో ఏడుస్తూ అందో పొగలో కనబడలేదు. అప్ప ఏడాదికి రెండుసార్లు పాయకరావుపేటలో వాళ్ళ మేనత్తని చూడ్డానికి వెళ్ళొచ్చేది. ఆ ప్రయాణాలు కూడా ఇప్పుడు లెక్కలోకి వచ్చేశాయట. అందుకే కాబోలు అక్కడికి వెళ్తుంది, పిల్లాణ్ణి అక్కడ పెంచుతోంది కాబోలు అనుకున్నారట, పుట్టినప్పటి నుంచి ఆవిణ్ణి చూస్తున్నవాళ్ళే.

శనివారం స్కూలు హాల్లో కమిటీ కూర్చుంది. నాకు ప్రొఫెసరుగారి మీద కన్నా ఆ రోజు ఆ కమిటీవాళ్ళ మీద ఎక్కువ మండింది. ఆయనకి మా మాట తెలీదు, తెలుసుకోవాలనే బుద్ధీ లేదు. వీళ్ళకి ఏమైంది? అయిదుగురు పెద్దమనుషులు, అయిదుగురూ తమ తండ్రులని బాబు అని పిలుచుకుంటూ పెరిగినవాళ్ళే. అప్ప నోట బాబు, మా బాబు అనే మాట ఇరవై ఏళ్ళుగా రోజూ వింటున్నవాళ్ళే. అలాంటివాళ్ళు టైపు కొట్టిన ఇంగ్లీషులో కొడుకు అని కనబడేసరికి, తమ చెవులు విన్నది అబద్ధం, కాగితం చెప్పింది నిజం అనుకున్నారు. నేను లేచి జరిగింది చెబితే, ఒక పెద్దాయన, అంత చదువుకున్నవాళ్ళు తప్పు రాస్తారా తల్లీ అని మెత్తగా అడిగాడు. మీ నాన్నగారిని మీరేమని పిలిచేవారండీ అని అడిగాను. ఆయన పక్కాయన వంక చూశాడు. నేను చదివింది మనుషుల గురించిన చదువు కదా, మనుషులంటే నాకు అసహ్యం పుట్టింది ఆ ఒక్క నిమిషమే.

అప్ప అంతసేపూ గుమ్మం పక్కన నిలబడి వింది. వెనక్కి తిరిగి వెళ్ళిపోయింది. ఏడవడానికి వెళ్ళిందనుకున్నాను. కాసేపటికి స్కూలు చాకలీ, తోటమాలీ చెరోవైపు పట్టుకుని కుర్చీలో ముసలాయన్ని మోసుకొచ్చారు, వెనకాల అప్ప. తలకి నూనె రాసి, ఉతికిన చొక్కా తొడిగి తెచ్చింది. కుర్చీని హాలు మధ్యలో దింపించి, కమిటీవాళ్ళ వైపు తిరిగింది. "ఇదిగోండి మా బాబు. ఆరేల్లొచ్చేసినాయట. పుస్తకంలో రాసినారు గదా. ఒకటో తరగతిలో ఏసుకోండి."

ఎవరో కిసుక్కున నవ్వి ఆపుకున్నారు. ఆ ముసలాయనకి ఇదంతా ఏమర్థమైందో గానీ, ఎదురుగా పెద్ద టీచరమ్మగారు కనబడేసరికి, ఏళ్ళ తరబడి అలవాటైన మర్యాద కదా, ఆడే ఎడమ చెయ్యి ఎత్తి దణ్ణం పెట్టబోయాడు. చెయ్యి గడ్డం దాకానే లేచింది. టీచరమ్మగారు కొంగు నోటికి అడ్డం పెట్టుకుని లేచి వచ్చి, ఆ చెయ్యి పట్టుకుని, మమ్మల్ని క్షమించమని ఇంగ్లీషులో అన్నారు. తెలుగులో అనండమ్మా అని నేను అరిచాను. అన్నారు.

మేట్రన్ పని ఆ రోజే ఇచ్చారు, గది కూడా ఇచ్చారు. కథ అయితే ఇక్కడ ముగించేయొచ్చు. అందరూ వెళ్ళిపోయాక అప్ప నన్ను పిలిచి కాఫీ ఇచ్చి, నా పక్కనే నేల మీద కూర్చుంది. "నీకు తెలుసు గదా సెల్లమ్మా. అచ్చు గుద్దక ముందరే సెప్పనేదేటి?" అంది. చెప్పాను అప్పా అన్నాను. "ఒక్క మారు సెప్పినావా?" అంది. కాఫీ గ్లాసు కింద పెట్టేశాను.

పెద్ద టీచరమ్మగారి చేత ఉత్తరం రాయించుకుని, కమిటీ అందరి సంతకాలతో పట్టుకెళ్ళి ప్రొఫెసరుగారి బల్ల మీద పెట్టాను. ఈసారి ఒక్క మారుతో ఆపలేదు, వారానికి రెండుసార్లు వెళ్ళాను. లైబ్రరీలకి కాపీలు వెళ్ళిపోయాయి, ఇప్పుడేం చేయగలం అన్నారు. ఆ పేజీకి ఒక చీటీ అంటించండి సార్ అన్నాను. ఒక్క కేసు మారినంత మాత్రాన నిర్ధారణ మారదమ్మా అన్నారు. ఆ నిర్ధారణ ఒక్క కేసు మీదే నిలబెట్టారు కదండీ అంటే, టైపిస్టుని పిలిచి వేరే పని చెప్పారు. చివర్లో వైవాలో అందరి ముందూ నన్ను తటస్థత అంటే ఏమిటో నిర్వచించమన్నారు. తెలీని మాట వినబడితే అర్థం అడగడం సార్ అన్నాను. బయటి నుంచి వచ్చిన పరీక్షకుడు నవ్వాడు గానీ, మార్కులు నవ్వలేదు. సెకండ్ క్లాసు వచ్చింది, పీహెచ్‌డీ సీటు రాలేదు. చాలా ఇష్టపడ్డ చదువు, ఇంకా చదువుకుని ఉండాల్సినదాన్ని. దాని గురించి బాధ లేదని చెబితే మీరు నమ్మకండి.

ఎనభైల్లో మా ఊళ్ళోనే జూనియర్ కాలేజీలో సివిక్స్ చెబుతూ ఉండగా, ఆ గుంటూరు అబ్బాయి అదే డిపార్ట్‌మెంటులో లెక్చరర్ అయ్యాడని తెలిసి, ఇప్పుడైనా ఆ చీటీ అంటించమని ఉత్తరం రాశాను. పెద్దాయన ఇంకా సర్వీసులో ఉన్నారు, రిటైర్ కానివ్వండి అని జవాబు రాశాడు. ఆయన రిటైర్ అయ్యాక మళ్ళీ రాశాను. పాత విషయాలు ఇప్పుడు తవ్వడం ఎందుకండీ, ఎవరు చూస్తారు అన్నాడు. ఎవరు చూస్తారులే అని నేను కూడా ఒకప్పుడు అనుకున్నాను కదా, అతన్ని తిట్టడానికి నాకు నోరు రాలేదు. మూడో ఉత్తరం రాయలేదు.

అప్ప ఆ హాస్టల్లో మేట్రన్‌గానే రిటైరైంది. వాళ్ళ బాబు ఆ కింద గదిలోనే, ఎనభైల మొదట్లో, అప్ప చేతిలో పోయాడు. తర్వాత చాలా ఏళ్ళకి అప్ప కూడా వెళ్ళిపోయింది. ఆ వీధిలో పాత ఇళ్ళు పోయి మేడలొచ్చాయి, మంచిదే, వానాకాలం కారే ఇళ్ళు ఉండాలని నేనెందుకు కోరుకుంటాను. పిల్లలందరూ డాడీ అంటున్నారు, అదీ వాళ్ళిష్టం. ఈ మధ్య గొలుగొండ వైపు ఒక పెళ్ళికి వెళ్తూ ఆటో ఎక్కాను. తోలుతున్న కుర్రాడు ఆ వీధివాడే, ఆ రోజు కుర్చీ మోసిన తోటమాలి మనవడు. వాళ్ళ నాన్నకి ఒంట్లో బాగులేదని విని, మీ బాబు ఎలా ఉన్నాడురా అని పలకరించాను. అతను అద్దంలో నా వంక చూసి సిగ్గుపడుతూ నవ్వాడు. "నాకింకా పెళ్ళే అవలేదు కదండీ మేడమ్" అన్నాడు.

అతనికి చెప్పాను, బాబంటే మన వైపు ఏమిటో. అవునా అండీ అని ఆశ్చర్యపోయాడు. ఆ ప్రొఫెసరుగారి మీద ఇన్నేళ్ళు పెంచుకున్న కోపమంతా పట్టుకుని ఎవరి దగ్గరికి వెళ్ళను? ఆ మాట తెలిసినవాళ్ళం మా ఊళ్ళోనే వేళ్ళ మీద లెక్కపెట్టేంత మంది మిగిలాం. మేం కూడా పోయాక ఆ నీలం అట్ట పుస్తకం ఎవరైనా తెరిస్తే, తప్పు ఉందని చెప్పేవాళ్ళెవరూ ఉండరు. అందులో అప్పకి కొడుకే ఉంటాడు, బాబు ఉండడు.